జవాబుల లెక్క

సంభాషణలో రెండు పద్ధతులున్నవి. ఒక మాట చెప్పి, దానికి సమాధానం విని, ఆ తరువాత రెండవ మాట చెప్పడం మొదటి పద్ధతి. చెప్పదలచిన పది మాటలనూ వరుసగా చెప్పివేసి, పది సమాధానాలనూ అదే వరుసలో వినడం రెండవ పద్ధతి. కిరాణా దుకాణంలో నిలబడి "కందిపప్పు ఉన్నదా?", "చింతపండు ఉన్నదా?" అని ఒక్కొక్కటే అడిగేవారు మొదటి పద్ధతివారు. పది సరుకులు చీటీ మీద వ్రాసి ఇచ్చి సంచి అందుకొనేవారు రెండవ పద్ధతివారు. చీటీ వలన కాలం కలిసివస్తుంది, సందేహం లేదు. అయితే ఇంటికి చేరిన తరువాత సంచి విప్పి, చీటీలోని ఒక్కొక్క సరుకునూ సరిచూచుకొనేవారికే ఆ లాభం దక్కుతుంది. పొట్లాలు పది ఉన్నవి గదా అని తృప్తిపడేవారికి కందిపప్పు లేదన్న సంగతి పొయ్యి వెలిగించిన తరువాతనే తెలుస్తుంది.

ఈమెయిల్ ఉత్తరాలను చేరవేసే సర్వర్లు కూడా తమలో తాము ఈ రెండు పద్ధతులలోనే మాట్లాడుకొంటాయి. రెండవ పద్ధతికి వాటి పరిభాషలో 'కమాండ్ పైప్‌లైనింగ్' అని పేరు. పద్యాలు, ప్రబంధాలు బోధించే నావంటివానికి ఈ యంత్రాల ముచ్చట ఎందుకని విద్యార్థులు అనుకోవచ్చు. గత విద్యా సంవత్సరంలో మన కళాశాల ఉత్తరాల ఏర్పాటులో ఒక దోషం తలయెత్తింది. అది యంత్రాల దోషంగానే ముగిసి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. దాని మూలంగా ఒక విద్యార్థిని మాట అసత్యమని తేలిపోయే స్థితి వచ్చింది. విద్యార్థివేతనాల ఉత్తరప్రత్యుత్తరాలు చూచే బాధ్యత నాది గనుక ఆ దోషాన్ని మొదటి నుండి చివరి వరకు తెలుసుకొనవలసి వచ్చింది. తెలుసుకొన్నదానిని నలుగురితో పంచుకొనడం మేలనిపించింది.

ముందుగా సర్వర్ల భాషను గురించి కొంత చెప్పాలి. 1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో ఎస్‌ఎమ్‌టీపీ అనే ఉత్తరాల భాషకు నియమాలు వ్రాశాడు. అది ఎంతో సులభమైన భాష. ఉత్తరం పంపే సర్వర్ ముందుగా తన పేరు చెప్పుకొంటుంది. తరువాత 'మెయిల్ ఫ్రమ్' అని పంపినవారి చిరునామా చెబుతుంది. పిమ్మట 'ఆర్‌సీపీటీ టు' అని, ఎవరికి అందవలసి ఉన్నదో ఆ చిరునామాను, ఒక్కొక్క వ్యక్తికి ఒక్కొక్కసారి చెబుతుంది. ఆ మీదట 'డేటా' అని, ఉత్తరం చదివి వినిపించి, చివర ఒక పంక్తిలో ఒంటరిగా ఒక చుక్క పెడుతుంది. ఉత్తరం ముగిసిందనడానికి ఆ చుక్కే గుర్తు. 'క్విట్' అని సెలవు తీసుకొంటుంది.

ప్రతి మాటకూ ఎదుటి సర్వర్ మూడంకెల సంఖ్యతో బదులు చెబుతుంది. రెండుతో మొదలైన సంఖ్య అంగీకారానికి గుర్తు. 250 అంటే సరే అని. 354 అంటే ఉత్తరం చదవమని. నాలుగుతో మొదలైనది తాత్కాలికమైన అడ్డంకి; 452 అంటే ఇప్పుడు చోటు లేదు, మళ్ళీ ప్రయత్నించమని. అయిదుతో మొదలైనది శాశ్వతమైన నిరాకరణ. 550 అంటే అటువంటివారు ఇక్కడ లేరని. ఉత్తరాల భాగ్యమంతా ఈ మొదటి అంకెలోనే ఉన్నది. నాలుగు వస్తే పంపిన సర్వర్ ఉత్తరాన్ని తన వద్ద దాచి మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది. రెండు వస్తే తన పని తీరిందని ఉత్తరాన్ని మరచిపోతుంది.

ఈ భాషలో ఒక చిక్కున్నది. ప్రతి మాటకూ ఆగి బదులు వినాలి. ముగ్గురికి ఒక ఉత్తరం పంపే సర్వర్‌కు ఎన్నిసార్లు నిరీక్షణ తప్పదో లెక్కపెట్టి చూడండి. తలుపు తెరిచినప్పటి పలకరింపుకు ఒకసారి, తన పేరు చెప్పినందుకు ఒకసారి, పంపినవారి పేరుకు ఒకసారి, ముగ్గురి పేర్లకు మూడుసార్లు, డేటాకు ఒకసారి, చివరి చుక్కకు ఒకసారి, సెలవుకు ఒకసారి. వెరసి తొమ్మిది. ఇద్దరూ ఒకే గదిలో ఉంటే తొమ్మిది నిరీక్షణలు కన్ను మూసి తెరిచేలోపు గడిచిపోతాయి. ఒకరు మన దేశంలో, మరొకరు సముద్రాల ఆవల ఉండి, మాట పోయి రావడానికి సెకనులో అయిదవ వంతు పడుతుందనుకొందాము. అప్పుడు నలభై మందికి పంపే ఒక్క ఉత్తరానికి ఎనిమిది తొమ్మిది సెకన్లు నిరీక్షణకే ఖర్చు. వేలకొద్ది ఉత్తరాలు పంపే సర్వర్‌కు అది చిన్న నష్టం కాదు.

అందుకు మందుగా పుట్టినదే పైప్‌లైనింగ్. దీనిని గురించిన మొదటి పత్రం 1995 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1854గా వచ్చింది. నేడు ప్రమాణంగా నిలిచినది 2000 సెప్టెంబరునాటి ఆర్‌ఎఫ్‌సీ 2920. నెడ్ ఫ్రీడ్ పేరు రెండింటిమీదా ఉన్నది. ఎదుటి సర్వర్ తనకు ఈ పద్ధతి వచ్చునని ముందే చాటి చెప్పిన పక్షంలో, పంపినవారి పేరు, అందవలసినవారి పేర్లు, డేటా అనే మాట—అన్నిటినీ ఒక కట్టగా కట్టి ఒక్కమారే పంపవచ్చు. పై ఉదాహరణలోని తొమ్మిది నిరీక్షణలు నాలుగుకు దిగివస్తాయి.

ఈ స్వేచ్ఛకు కట్టుబాట్లున్నవి. డేటా అనే మాట కట్టలో చివరనే ఉండాలి. 354 వినకుండా ఉత్తరం చదవడం మొదలుపెట్టరాదు. వినే సర్వర్ తాను ఒక మాటకు బదులు చెప్పే తొందరలో, వెనుకనే వచ్చి వాకిట నిలిచి ఉన్న మాటలను పారవేయరాదు. పంపే సర్వర్ ఎదుటివారు పట్టగలిగినంతకు మించి ఒకేసారి గుమ్మరించరాదు; అలా చేస్తే తన మాటలు వినేదాకా నేను వినను అని ఇరువురూ భీష్మించుకొని, ఇరువురూ నిలిచిపోయే ప్రమాదమున్నది. అన్నిటికంటె ముఖ్యమైనది, వచ్చిన జవాబులలో ప్రతి ఒక్కదానినీ వరుస తప్పకుండా చదివి, ఏ జవాబు ఏ మాటకు వచ్చినదో సరిచూచుకోవాలి. మాటలను కలిపి చెప్పడానికి అనుమతి ఉన్నది; జవాబులను కలిపి వినడానికి లేదు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదనిపిస్తుంది. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులు వరుసగా అడుగుతారు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెప్పుకొంటూ సాగిపోతాడు. నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణ. ఎవరికి చెప్పిన పద్యం వారికి అప్పగించగలిగితేనే అవధానం. ఒక్క పృచ్ఛకుని వరుసలో నుండి జారవిడిస్తే ఆ తరువాతివారందరికీ ఇరుగువారి పద్యం దక్కుతుంది. పద్యాలన్నీ ఛందోబద్ధంగానే ఉంటాయి, సంఖ్య కూడా ఇంచుమించు సరిపోతుంది, కాని అవధానం మాత్రం భగ్నమైనట్లే. అష్టావధానంలో పూవులు విసరి, ఎన్ని పడ్డవని అడిగే పుష్పగణనం కూడా ఒక అంశంగా ఉంచిన పెద్దలు, కవిత్వానికి లెక్క అవసరమా అని సందేహించలేదు.

ఇక స్థానిక బట్వాడా సంగతి. ఊరికి చేరిన ఉత్తరాన్ని తపాలా కార్యాలయం ఇంటింటికీ పంచినట్లే, కళాశాల సర్వర్‌కు చేరిన ఉత్తరాన్ని ఎవరి పెట్టెలో వారికి వేయడం మరొక పని. ఇందుకు ఎస్‌ఎమ్‌టీపీ అంతగా ఒదగదు. ఎందుకంటే ఆ భాషలో చివరి చుక్కకు ఒకే ఒక్క జవాబు ఉంటుంది. నలభై మందికి ఉద్దేశించిన ఉత్తరంలో ముప్పైతొమ్మిది మందికి అంది, ఒకరి పెట్టె నిండి ఉంటే, ఆ ఒక్క జవాబు ఏమని చెప్పాలి? అందిందంటే ఒకరికి అన్యాయం. అందలేదంటే ముప్పైతొమ్మిది మందికి మళ్ళీ మళ్ళీ అదే ఉత్తరం. ఈ చిక్కును విడదీయడానికి జాన్ మయర్స్ 1996 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 2033 ద్వారా ఎల్‌ఎమ్‌టీపీ అనే భాషను ప్రతిపాదించాడు. చూడడానికి ఇది ఎస్‌ఎమ్‌టీపీకి తోబుట్టువు. భేదమంతా చివరి చుక్క దగ్గర ఉన్నది. ఇక్కడ చుక్కకు ఒక జవాబు కాదు. ముందుగా అంగీకరించిన పేర్లు ఎన్ని ఉంటే అన్ని జవాబులు, అదే వరుసలో వస్తాయి. ఎవరి సంగతి వారికే. పైప్‌లైనింగ్ తెలిసి ఉండడం ఎల్‌ఎమ్‌టీపీ సర్వర్‌కు ఐచ్ఛికం కాదు, విధి.

'అంగీకరించిన పేర్లు ఎన్ని ఉంటే అన్ని' అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. పిలిచిన పేర్లు ఎన్ని ఉంటే అన్ని కాదు. మొదట పేరు చెప్పినప్పుడే 550 అని నిరాకరింపబడిన వ్యక్తికి చివర జవాబు రాదు. కథ అంతా ఈ భేదంలోనే ఉన్నది.

మన కళాశాలలో ఉత్తరాల పనిని మూడు ప్రోగ్రాములు చేస్తాయి. బయటి నుండి, కార్యాలయం నుండి వచ్చే ఉత్తరాలను అందుకొనేది పోస్ట్‌ఫిక్స్. విద్యార్థుల పెట్టెలను కాపాడేది డవ్‌కాట్. ఈ రెండూ లోకంలో పేరు పొందినవి, ఎంతోమంది పరీక్షించి చూచినవి. వీటి నడుమ, అనవసరమైన ఉత్తరాలను జల్లెడ పట్టడానికి అమర్చిన ఒక చిన్న ప్రోగ్రాము ఉన్నది. దానిని అమ్మినవారి పేరుతో ఇక్కడ పనిలేదు. అది పోస్ట్‌ఫిక్స్ చెప్పిన పేర్లన్నిటికీ ముందుగా సరే అంటుంది, ఉత్తరాన్ని పరిశీలిస్తుంది, ఆపైన తానే డవ్‌కాట్‌తో ఎల్‌ఎమ్‌టీపీలో మాట్లాడి, అక్కడి జవాబులను తెచ్చి పోస్ట్‌ఫిక్స్‌కు అప్పగిస్తుంది. రాయబారి పని అన్నమాట.

విద్యార్థివేతనాల పునరుద్ధరణకు ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా పుస్తకం నకలు తీసుకొని ఫలానా రోజున పరిశీలనకు హాజరు కావలసినదిగా నలభై మంది విద్యార్థులకు ఒక ఉత్తరం వెళ్ళింది. ముప్పైఎనిమిది మంది వచ్చారు. రాని ఇద్దరిలో ఒకరు అప్పటికే మరొక కళాశాలకు వెళ్ళిపోయిన విద్యార్థి. జాబితాలో పేరు తీయలేదు. రెండవది ద్వితీయ సంవత్సరం చదివే ఒక అమ్మాయి. తండ్రి కుట్టుపని చేస్తాడు. ఆ వేతనం లేనిదే ఆమె చదువు సాగదు. పిలిచి అడిగితే, "సార్, నాకు ఉత్తరం రాలేదు. పెట్టె నిండిందని ఎవరో చెబితే మరునాడే పాతవన్నీ తీసివేశాను. ఆ తరువాత రోజూ చూచుకొన్నాను" అన్నది.

కమిటీ ముందు కార్యాలయం వారు ఒక కాగితం ఉంచారు. నలభై సంఖ్యలు, ఒక్కొక్క సంఖ్య ఎదుట 'అందినది' అన్న మాట. ఆమె సంఖ్య ఇరవైనాలుగవది. దాని ఎదుట కూడా అదే మాట. కమిటీలోని పెద్దలొకరు కాగితం నా వైపు జరిపి, "యంత్రానికి ఈ అమ్మాయి మీద పగ ఏముంటుంది, లెక్చరర్ సాహెబ్?" అన్నారు. ఆయన కఠినుడు కాడు. ప్రతి సంవత్సరం గడువు దాటిన తరువాత వచ్చే సాకులు విని విసిగినవారు. ప్రభుత్వ గడువుకు ఇంకా ఆరు రోజులున్నవి గనుక, రెండు రోజులు ఈ విషయాన్ని నిలిపి ఉంచవలసినదిగా కోరాను. అందుకు ఆయన అంగీకరించారు.

నాకు తోడు నిలిచినవారు కంప్యూటర్ విభాగంలోని సహాధ్యాపకులు. సర్వర్ తాను చేసిన ప్రతి పనినీ వ్రాసుకొనే లాగ్‌ను వారు కాగితాలపై అచ్చువేసి ఇచ్చారు. కార్యాలయం వారు చూపినది అందులో ఒక అంచు మాత్రమే. అసలు లాగ్‌లో ప్రతి పంక్తికీ మూడు భాగాలున్నవి. ఎవరి కోసం పంపినది, అందినదా లేదా, ఆపైన కుండలీకరణంలో ఎదుటి సర్వర్ చెప్పిన జవాబు యథాతథంగా. ఆ జవాబులో డవ్‌కాట్ ఎవరి పెట్టెను గురించి మాట్లాడుతున్నదో ఆ పేరు కూడా ఉంటుంది.

నా చదువులో కొంత భాగం వ్రాతప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి పాఠభేదాలు గుర్తించడంలో గడిచింది. లేఖకుడు ఒక పంక్తిని దాటవేస్తే, ఆ పైన పద్యం ఒక ప్రతిలో ఒక చోట, మరొక ప్రతిలో మరొక చోట కనబడుతుంది. అటువంటి జారుడు ఎక్కడ మొదలైనదో పట్టుకొంటే దోషం చిక్కినట్లే. ఈ కాగితాలనూ అలాగే చదివాను. మొదటి ఆరు పంక్తులలో ఎడమవైపు పేరూ, కుండలీకరణంలోని పేరూ ఒక్కటే. ఏడవ పంక్తిలో ఎడమవైపు ఏడవ సంఖ్య. కుండలీకరణంలో ఎనిమిదవ సంఖ్య. తరువాతి పంక్తిలో ఎడమ ఎనిమిది, కుడి తొమ్మిది. అలా ముప్పైతొమ్మిది వరకు ప్రతి పంక్తిలోనూ ఒకరికి వచ్చిన జవాబు వారి ముందున్నవారి పేరుకు అంటుకొని ఉన్నది. ఇరవైమూడవ పేరు ఎదుట 'వాయిదా' అని వ్రాసి, కుండలీకరణంలో 452, ఇరవైనాలుగవ పెట్టె నిండినది అని ఉన్నది. ఇరవైనాలుగవ పేరు ఎదుట 'అందినది' అని వ్రాసి, కుండలీకరణంలో ఇరవైఅయిదవ పెట్టెలో భద్రపరచితిమి అని ఉన్నది. ఆమె చెప్పిన ప్రతి మాటా అదే కాగితంలో, నాలుగు అంగుళాలు కుడివైపున అచ్చై ఉన్నది.

నలభయ్యవ పేరు దగ్గర మరొక విశేషం. అక్కడ జవాబే లేదు. సరిగా పది నిమిషాల నిశ్శబ్దం తరువాత, చివరి చుక్క పంపి బదులు కోసం చూచి విసిగితిమి, ఈ ఉత్తరం ఒకటికంటె ఎక్కువసార్లు వెళ్ళవచ్చును అన్న హెచ్చరిక ఉన్నది. పది నిమిషాలన్నది యాదృచ్ఛికం కాదు. ఉత్తరం ముగిసిన తరువాత జవాబుకు పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఎదురుచూచే వ్యవధి 600 సెకన్లు.

సహాధ్యాపకులు నడుమనున్న ప్రోగ్రాము మాటలను దారిలోనే పట్టి చూపారు. అది పంపినవారి పేరు, నలభై పేర్లు, డేటా—నలభైరెండు మాటలను ఒకే కట్టగా డవ్‌కాట్‌కు పంపుతున్నది. నలభైరెండు జవాబులు తిరిగి వస్తున్నవి. అందులో చిట్టచివరి 354ను మాత్రం చదివి, అంతా సవ్యమని తలచి, ఉత్తరం వినిపిస్తున్నది. నడుమ ఏడవ పేరుకు వచ్చిన 550ను అది చూడనే లేదు. ఉత్తరం ముగిసిన తరువాత డవ్‌కాట్ న్యాయంగా ముప్పైతొమ్మిది జవాబులు చెప్పి ఊరుకొన్నది. ఆ ముప్పైతొమ్మిదింటినీ రాయబారి నలభై పేర్లకు మొదటి నుండి పంచడం మొదలుపెట్టింది. ఏడవవానికి ఎనిమిదవవాని జవాబు, ఇరవైమూడవవానికి ఇరవైనాలుగవవాని జవాబు. నలభయ్యవ జవాబు కోసం అది ఎదురుచూస్తున్నది. తరువాతి మాట కోసం డవ్‌కాట్ ఎదురుచూస్తున్నది.

ఫలితం ఇది. ఇరవైమూడవ విద్యార్థికి, నలభయ్యవ విద్యార్థికి అందలేదని భ్రమించి పోస్ట్‌ఫిక్స్ కొంతసేపటికి మళ్ళీ పంపింది. వారిద్దరికీ రెండేసి ప్రతులు చేరినవి. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. రెండు ఉత్తరాలు వస్తే ఎవరు ఫిర్యాదు చేస్తారు? ఊరు విడిచి వెళ్ళిన ఏడవ విద్యార్థికి అందినట్లు వ్రాయబడింది. మళ్ళీ ప్రయత్నించమని డవ్‌కాట్ స్పష్టంగా కోరిన ఇరవైనాలుగవ పెట్టెకు ఎవరూ మళ్ళీ ప్రయత్నించలేదు.

నన్ను ఎక్కువగా కలతపెట్టిన సంగతి మరొకటి ఉన్నది. డవ్‌కాట్ లాగ్‌లో పెట్టెలలో వేసిన ప్రతుల సంఖ్యను కూడితే మొదటి విడత ముప్పైఎనిమిది, రెండవ విడత రెండు, మొత్తం నలభై. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో 'అందినది' అన్న పంక్తులను కూడితే మొదటి విడత ముప్పైఎనిమిది, రెండవ విడత రెండు, మొత్తం నలభై. రెండు లెక్కలూ పైసా తేడా లేకుండా సరిపోయినవి. ఏ తనిఖీ అధికారి వచ్చి చూచినా సంతకం పెట్టి వెళ్ళేవాడే. మొత్తం సరిపోయింది, మనుషులు సరిపోలేదు. ఒకరికి రావలసిన ప్రతి మరొకరి పెట్టెలో రెండవ ప్రతిగా చేరి, లెక్కను కాపాడింది.

దోషం తెలిసిన వెంటనే సహాధ్యాపకులు, "భాయ్, పైప్‌లైనింగ్ తీసివేస్తే సరి. ఒక్కొక్క పేరే అడుగుతుంది" అన్నారు. ప్రయోగానికి కొన్ని ఉత్త పెట్టెలు సృష్టించి, ఏడవ స్థానంలో లేని పేరు, ఇరవైనాలుగవ స్థానంలో నిండిన పెట్టె ఉంచి చూచాము. కట్టగా పంపినప్పుడు అదే జారుడు, అదే పది నిమిషాలు. ఒక్కొక్కటిగా పంపినప్పుడు అన్నీ సవ్యం. ఆ మార్గంలో ప్రతి జవాబునూ చదవక తప్పదు గనుక, నిరాకరింపబడిన పేరును రాయబారి తన జాబితాలో నుండి తీసివేయగలుగుతున్నది. మూడు ప్రోగ్రాములూ ఒకే గదిలో ఉన్నవి గనుక నిదానం వల్ల మనకు కలిగే నష్టం కూడా లేదు. కనుక కొన్నాళ్ళపాటు అలాగే ఉంచాము.

కాని అది చికిత్స కాదని ఇద్దరమూ ఒప్పుకొన్నాము. దోషం వేగంలో లేదు, వినకపోవడంలో ఉన్నది. చీటీ వ్రాయడం మానివేసినంత మాత్రాన సంచి విప్పి చూచే అలవాటు రాదు. అమ్మినవారు కారణం తెలిసిన తరువాత ప్రోగ్రామును సరిచేసి పంపారు. దానిని కూడా ఊరకే నమ్మలేదు. లేని పేరును మొదట ఒకసారి, నడుమ ఒకసారి, చివర ఒకసారి ఉంచి చూచాము. లేని పేర్లను రెండింటిని పక్కపక్కన ఉంచాము. ఒకే పేరును రెండుసార్లు చెప్పాము. ఎల్‌ఎమ్‌టీపీ నియమం ప్రకారం అప్పుడు ఆ ఒక్కరికే రెండు జవాబులు రావాలి. పేర్లన్నీ లేనివే అయినప్పుడు డేటాకు 503 అన్న నిరాకరణ రావాలి, రాయబారి ఉత్తరం చదవకుండా ఆగిపోవాలి. అన్నీ నెగ్గిన తరువాతనే పైప్‌లైనింగ్‌ను మళ్ళీ అనుమతించాము. కంప్యూటర్ శాస్త్రం చదివే విద్యార్థులు ఈ పరీక్షలను తమ ప్రయోగశాలలో చేసి చూస్తే పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం దొరుకుతుంది. ఉత్తరాలు నిదానంగా పోతున్నవని గాని, ఒకరికి రెండు ప్రతులు వచ్చినవని గాని ఎవరైనా అన్నప్పుడు, ముందు చూడవలసినది పైప్‌లైనింగ్ ఉన్నదా లేదా అని కాదు. పిలిచిన పేర్లెన్ని, అంగీకరించినవెన్ని, వచ్చిన జవాబులెన్ని అన్న మూడు సంఖ్యలను.

మూడవనాటి సమావేశంలో ఈ కాగితాలను కమిటీ ముందుంచి, ఎడమవైపు పేరును, కుడివైపు పేరును ఎర్రసిరాతో గీత గీసి చూపాను. మొదట ప్రశ్న వేసిన పెద్దలు చాలాసేపు కళ్ళద్దాలు సరిచేసుకొంటూ చదివారు. ఆయన చిన్ననాట అరబ్బీ మదరసాలో చదివినవారు. "హదీసు చెప్పేవారి వరుసలో నడుమ ఒక రావీ జ్ఞాపకం తడబడితే, ముందువారు, వెనుకవారు ఎంతటి సత్యవంతులైనా ఆ కథనాన్ని బలహీనమంటారు. మనం ఈ కాగితాన్ని చూచాము గాని, ఎవరు చెబితే వ్రాసినదో అడగలేదు" అన్నారు. తరువాత ఆ అమ్మాయిని లోపలికి పిలిపించి, అందరి ఎదుటనే, "బేటీ, నీవు చెప్పినదే నిజం" అన్నారు. ఆమె పత్రాలు గడువుకు మూడు రోజుల ముందుగానే వెళ్ళినవి.

ఈ రోజులలో విద్యార్థి జీవితమంతా ఇటువంటి పంక్తుల మీదనే నడుస్తున్నది. హాజరు, ఫీజు, పరీక్ష రుసుము, విద్యార్థివేతనం—అన్నిటికీ ఎక్కడో ఒక యంత్రం 'అందినది' అనో 'అందలేదు' అనో వ్రాసి ఉంచుతున్నది. ఆ వ్రాతను గౌరవించవలసినదే. యంత్రం కావాలని అబద్ధమాడదు. కాని ఒకరి జవాబును మరొకరి పేరున చదవడానికి దానికి దురుద్దేశం అక్కరలేదు; ఒక్క అడుగు జారితే చాలు. బలమున్నవారు, మాట చాతుర్యమున్నవారు అటువంటి జారుడును ఎదిరించి నిలబడగలరు. "నాకు రాలేదు" అన్న రెండు మాటలు తప్ప మరొక ఆధారం లేని విద్యార్థికి, ఆ రెండు మాటలను కూడా ఒక సాక్ష్యంగా స్వీకరించి పరిశీలించేవారు ఒకరుండాలి.

విద్యార్థులకు నా మనవి ఒకటే. మీ పెట్టెలను నిండనీయకండి. రెండు ప్రతులు వచ్చినప్పుడు నవ్వి ఊరుకొనక, కార్యాలయానికి తెలియజేయండి. మీకు అదనంగా వచ్చిన ప్రతి మరొకరికి రాని ప్రతి కావచ్చు. కమిటీవారు దయతో తీసుకొన్న నిర్ణయం వలన ఇప్పుడు విద్యార్థివేతనాల ఉత్తరాలను నోటీసు బోర్డుపై కూడా అంటిస్తున్నాము. ఊరు విడిచినవారి పేర్లను ప్రతి నెలా జాబితా నుండి తొలగిస్తున్నాము. కార్యాలయం ఇచ్చే కాగితంలో కుండలీకరణంలోని భాగాన్ని కూడా అచ్చువేస్తున్నారు. కాగితం కొంత వెడల్పైనది. చదవడానికి ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.